టెక్సాస్‌లో పెరిగిన ఉద్యోగాల ఘనత ఎవరిది: గవర్నర్లదా, పన్నులదా, ఇళ్లదా?

ఫ్రిస్కోవాసి:
గత వారం మా ఇంట జరిగిన విందులో మొదలైన వాదన ఎటూ తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. నేను 2013లో కాలిఫోర్నియా వదిలి డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఈ ఊరికి వచ్చాను. అప్పటి టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ ఆ ఏడాదే కాలిఫోర్నియా రేడియోల్లో ప్రకటనలు వేయించి అక్కడి వ్యాపారులను తమ రాష్ట్రానికి రమ్మని పిలిచారు. ఆ పిలుపు వృథా పోలేదన్నది నా అభిప్రాయం. కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో ఉన్న అమెరికా ప్రధాన కార్యాలయాన్ని టెక్సాస్‌లోని ప్లేనోకు తరలిస్తామని టొయోటా 2014లో ప్రకటించి, 2017లో ఇక్కడి ప్రాంగణాన్ని తెరిచింది. 2021లో టెస్లా కూడా తన ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియా నుంచి మా రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కు మార్చుకుంది. నేను వచ్చిన కొత్తలో టోల్‌వే పక్కన ఆవులు మేస్తూ కనిపించిన బీడు భూముల్లో ఇప్పుడు ఆఫీసులు, ఇళ్లు, మనవాళ్ల టిఫిన్ సెంటర్లు ఉన్నాయి.

2010 జనగణనలో 2.51 కోట్లున్న టెక్సాస్ జనాభా 2020 నాటికి 2.91 కోట్లయింది. అదే జనగణన తర్వాత కాలిఫోర్నియా తన చరిత్రలో మొదటిసారి, జనాభాను బట్టి స్థానాలు పంచే అమెరికా ప్రతినిధుల సభలో ఒక స్థానాన్ని కోల్పోయింది. ఇక్కడ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అక్కడ పై శ్రేణి పన్ను 13.3 శాతం. జనం మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తున్నారంటే, ఏ విధానం ఉద్యోగాలనిస్తుందో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

తుంగభద్ర, ఫ్రీమాంట్:
ఫ్రిస్కోవాసి గారూ, జనం వెళ్తున్న మాట నిజమే, మా వీధిలోనే మూడు కుటుంబాలు వెళ్లాయి. అయితే దానికి మీరు చెబుతున్న కారణాన్ని నేను ఒప్పుకోలేను.

2012 నవంబరులో ఇక్కడ కాలిఫోర్నియాలో ఓటర్లే, గవర్నర్ జెర్రీ బ్రౌన్ ముందుండి ప్రచారం చేసిన 30వ ప్రతిపాదనను ఆమోదించి, ధనికుల మీద పన్ను పెంచుకున్నారు. మీరు చెప్పిన 13.3 శాతం అలా వచ్చిందే, అది కూడా పది లక్షల డాలర్లు దాటిన ఆదాయం మీద మాత్రమే. దాంతో ఉద్యోగాలన్నీ తరలిపోతాయని అప్పట్లో చాలామంది హెచ్చరించారు. తర్వాత జరిగింది చూడండి. 2014 మధ్యలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు ధర 2016 ఆరంభానికి ముప్పై డాలర్ల దిగువకు పడిపోయింది, టెక్సాస్ చమురు పరిశ్రమకు కేంద్రమైన హ్యూస్టన్‌లో కొత్త ఉద్యోగాలు దాదాపు ఆగిపోయాయి, 2015లో కాలిఫోర్నియా ఉద్యోగాల వృద్ధి రేటు టెక్సాస్‌నూ దేశ సగటునూ దాటింది. ఆ ఏడాది టెక్సాస్‌లో ఆదాయపు పన్నేమీ కొత్తగా రాలేదు, మారింది చమురు ధర ఒక్కటే. మంచి ఏళ్ల ఘనత గవర్నర్ ఖాతాలో, చెడ్డ ఏళ్ల నింద చమురు ఖాతాలో వేస్తే అది లెక్క అనిపించుకోదు.

మా వీధి నుంచి వెళ్లిన మూడు కుటుంబాల్లో పది లక్షల డాలర్లు సంపాదించేవారు ఎవరూ లేరు. వాళ్లను పంపించింది పన్ను కాదు, ఇంటి ధర. ఇది నా రాష్ట్రం చేసిన తప్పేనని నొప్పితోనే చెబుతున్నాను. 1978 నాటి 13వ ప్రతిపాదన ప్రకారం పాత యజమాని ఇంటి పన్ను మదింపు ఏటా రెండు శాతానికి మించి పెరగదు, కాబట్టి ఉన్నవాళ్లు కదలరు. 1970 నాటి పర్యావరణ సమీక్షా చట్టాన్ని పట్టుకుని పొరుగువాళ్లే కొత్త అపార్టుమెంట్లను ఏళ్ల తరబడి కోర్టుల్లో ఆపగలిగారు. ఇక కొత్తవాళ్లకు చోటెక్కడిది?

కావలి, ఓవర్‌లాండ్ పార్క్:
పన్నులు తగ్గిస్తే ఉద్యోగాలు వాటంతట అవే వస్తాయన్న మాటను మా కాన్సస్ స్వయంగా పరీక్షించి చూసింది, ఆ అయిదేళ్లూ నేనిక్కడే ఉన్నాను. 2012లో గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ సంతకం చేసిన చట్టం ఆదాయపు పన్ను పై శ్రేణిని 6.45 నుంచి 4.9 శాతానికి దించి, ఎల్ఎల్‌సీల (పరిమిత బాధ్యత సంస్థల) వంటి చిన్న వ్యాపారాల యజమానుల లాభాలపై రాష్ట్ర పన్నును పూర్తిగా ఎత్తేసింది. నాతో పనిచేసిన ఒకాయన ఎల్ఎల్‌సీ పెట్టుకుని, అదే కంపెనీకి, అదే కుర్చీలో కూర్చుని, అదే పని చేశారు. ఆయన మీద రాష్ట్రానికి రావలసిన పన్ను పోయింది, కొత్త ఉద్యోగం ఒక్కటీ పుట్టలేదు. రాష్ట్రం మొత్తం మీద కూడా ఉద్యోగాల వృద్ధి పొరుగు రాష్ట్రాల వెనకే ఉండిపోయింది, బడ్జెట్‌కు గండి పడింది, బడుల నిధులకు కటకట ఏర్పడింది. చివరికి 2017 జూన్‌లో ఆయన సొంత రిపబ్లికన్ పార్టీకి ఆధిక్యం ఉన్న శాసనసభే, ఆయన వీటోను తోసిపుచ్చి పన్నులను మళ్లీ పెంచింది.

దీనికన్నా నన్ను ఎక్కువగా బాధించిన సంగతి ఒకటుంది. మా నగర ప్రాంతం రెండు రాష్ట్రాల్లో విస్తరించి ఉంది. స్టేట్ లైన్ రోడ్డుకు పడమటి పక్క కాన్సస్, తూర్పు పక్క మిస్సోరి. ఏళ్ల తరబడి రెండు ప్రభుత్వాలూ ఒకరి కంపెనీలను ఒకరు పన్ను రాయితీలతో లాక్కున్నాయి. ఏఎంసీ సినిమా సంస్థ మిస్సోరి వైపు నుంచి కాన్సస్‌లోని లీవుడ్‌కు వస్తే, యాపిల్‌బీస్ రెస్టారెంట్ల సంస్థ కాన్సస్ వైపు నుంచి మిస్సోరికి వెళ్లింది. ఉద్యోగులు అవే ఇళ్లలో ఉన్నారు, పొద్దున్నే కారు మరో వైపుకు తిప్పారు, అంతే. కానీ ఏ వైపుకు కంపెనీ వచ్చిందో ఆ వైపు నాయకులు అన్ని వందల ఉద్యోగాలు మేమే తెచ్చామని చెప్పుకున్నారు. 2019లో మిస్సోరి గవర్నర్ మైక్ పార్సన్, మా గవర్నర్ లారా కెల్లీ ఈ పోటీకి స్వస్తి పలుకుతూ సంధి చేసుకున్నారు. ఒకరు రిపబ్లికన్, ఒకరు డెమొక్రాట్. టొయోటా విషయంలోనూ నేను అడిగేది ఇదే: దేశం మొత్తం మీద చూస్తే ప్లేనోకు వచ్చిన ఆ ఉద్యోగాల్లో ఎన్ని కొత్తవి, ఎన్ని చోటు మారినవి?

లెక్కల మాస్టారు, విజయవాడ:
మా అమ్మాయి విస్కాన్సిన్ రాజధాని మాడిసన్‌లో ఉంటుంది కాబట్టి విస్కాన్సిన్ రాజకీయాలను చాలాకాలంగా గమనిస్తున్నాను. సంఖ్యలు వాదించే ముందు అవి ఎక్కడ పుడుతున్నాయో తెలుసుకోవాలి. అమెరికా కేంద్ర కార్మిక గణాంకాల సంస్థ నెలనెలా విడుదల చేసేది, ఆ నెల 12వ తేదీ కలిసిన జీతపు వ్యవధికి జీతాల పట్టీలో ఎంతమంది పేర్లు ఉన్నాయని ఎంపిక చేసిన సంస్థలను అడిగి కట్టే అంచనా. రెండు చోట్ల పనిచేసే మనిషి అందులో రెండు ఉద్యోగాలుగా కనిపిస్తాడు, సొంతంగా టాక్సీ నడుపుకునేవాడు అసలు కనిపించడు. మరొకటి, నిరుద్యోగ బీమా కోసం యజమానులు మూడు నెలలకోసారి సమర్పించే పత్రాల నుంచి తీసే లెక్క. అది దాదాపు అన్ని ఉద్యోగాలకూ వర్తిస్తుంది కానీ నెలలు ఆలస్యంగా వస్తుంది.

స్కాట్ వాకర్ 2010లో తన మొదటి పదవీకాలంలో 2,50,000 ప్రైవేటు ఉద్యోగాలు వస్తాయని మాటిచ్చి గవర్నరయ్యారు. 2012 జూన్‌లో ఆయన్ను పదవి నుంచి తొలగించాలా అన్న ఓటింగు వచ్చింది. నెలవారీ అంచనా ప్రకారం 2011లో రాష్ట్రం ఉద్యోగాలు కోల్పోయింది, బీమా పత్రాల ప్రకారం పెరిగాయి. ప్రతిపక్షం మొదటిది పట్టుకుంది, వాకర్ ప్రభుత్వం రెండోదాన్ని కేంద్ర సంస్థ కన్నా ముందే బయటపెట్టింది. పక్షపాతం లేకుండా చెప్పాలంటే ఆ ఒక్క విషయంలో వాకర్ లెక్కే గట్టిది. అదే గట్టి లెక్క ప్రకారం ఆ 2,50,000 మాట మాత్రం సుమారు సగం దగ్గర ఆగిపోయింది.

విస్కాన్సిన్‌లో కర్మాగారం పెడతామన్న తైవాన్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఫాక్స్‌కాన్ సంగతి మరీ బాధాకరం. 2017లో వెయ్యి కోట్ల డాలర్ల పెట్టుబడి, 13,000 ఉద్యోగాలు అన్నారు, రాష్ట్రం దాదాపు మూడు వందల కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు రాసిచ్చింది. ఆ కర్మాగారం కోసం మౌంట్ ప్లెజెంట్ ఊళ్లో కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి. 2021లో ఒప్పందాన్ని తిరగరాసినప్పుడు మిగిలింది 67.2 కోట్ల డాలర్ల పెట్టుబడి, 1,454 ఉద్యోగాలు. శంకుస్థాపన నాటి సంఖ్యను ఎవరైనా సాక్ష్యంగా తెస్తే, జీతాల పట్టీ చూపించమని అడగండి.

ఫ్రిస్కోవాసి:
మాస్టారూ, కావలి గారూ, మీరు చెప్పినవి రెండు రోజులు ఆలోచించాను. పన్ను ఒక్కటే కారణమన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకంటే నిన్న నా సొంత కాగితాలు తీసి చూసుకున్నాను. ఆదాయపు పన్ను లేదన్న మాటే గానీ ఇంటి పన్ను ఏటా పది వేల డాలర్లు దాటుతోంది. ఫ్రీమాంట్‌లో అద్దె ఇంట్లో ఉన్నప్పుడు నా జీతం మీద కట్టిన రాష్ట్ర పన్ను ఇంతకన్నా తక్కువే. తుంగభద్ర గారు చెప్పినట్టు నేను వచ్చింది నాలుగు పడక గదుల ఇల్లు కొనగలిగినందుకే.

కానీ అక్కడితో టెక్సాస్ ఘనత పోదు. ఇళ్లు కట్టనివ్వడం కూడా ప్రభుత్వ విధానమే. హ్యూస్టన్‌లో ఎక్కడ ఏం కట్టవచ్చో నిర్దేశించే జోనింగ్ చట్టమే లేదు, నగర సరిహద్దుల బయట కౌంటీలకు ఆ అధికారం చాలా తక్కువ. ఆ ఆవులు మేసిన బీడు మీద ఇళ్లు లేవడానికి ఏళ్ల కోర్టు కేసులు అడ్డు రాలేదు. ఇది ఏ గవర్నరూ ఒక ఎన్నికలో చేసిన పని కాదు, ఎన్నో దశాబ్దాల నుంచి వస్తున్న పద్ధతి. ఆరోగ్య బీమా లేనివారి శాతంలో టెక్సాస్ దేశంలోనే మొదటి స్థానంలో ఉందని, కనీస వేతనం ఇప్పటికీ 2009 నాటి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉందని మా అబ్బాయి గుర్తుచేశాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తుంగభద్ర, ఫ్రీమాంట్:
మీరు పత్రాలు తీసి చూసుకుని మరీ చెప్పినందుకు ధన్యవాదాలు. ఇళ్లు కట్టనివ్వడం విధానమేనన్న మీ మాటను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. ఇక్కడ 2021లో ఒక ఇంటి స్థలంలో నాలుగు ఇళ్ల దాకా కట్టుకోనిచ్చే చట్టం వచ్చింది, 2025లో నగరాల లోపల కట్టే చాలా ఇళ్లకు ఆ పర్యావరణ సమీక్ష నుంచి మినహాయింపు ఇస్తూ గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశారు. చట్టాలు వచ్చాయి గానీ మా వీధిలో ఇంతవరకూ లేచింది ఒకే ఒక్క పెరటి ఇల్లు. అందులో ఒక బడి పంతులమ్మ అద్దెకుంటోంది. అది లేకపోతే ఆవిడ కూడా ఈపాటికి మీ ఊళ్లోనే పాఠాలు చెబుతూ ఉండేవారు.