మొదటిసారి వచ్చినవాళ్లను లేపి నిలబెట్టడం స్వాగతమేనా?

వెనక వరుస:
అందరికీ వందనాలు. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న విషయం ఇది. అమ్మ చనిపోయిన రెండు నెలలకి ఉద్యోగం మారి కొత్త ఊరు వచ్చాను. అప్పటికి ఆరాధనకి వెళ్లక చాలా వారాలైంది. ఒక ఆదివారం మనసు కూడదీసుకుని దగ్గర్లో ఉన్న చర్చికి వెళ్లి వెనక కూర్చున్నాను. రెండో పాట అయ్యాక మైకులో "ఈరోజు మొదటిసారి వచ్చినవాళ్లు దయచేసి లేచి నిలబడండి" అన్నారు. నేను లేవలేదు. పక్కనున్నాయన చెయ్యెత్తి నన్ను చూపించారు. మైకు నా దగ్గరకొచ్చింది. పేరేంటి, ఏ సంఘం, ఎవరు తీసుకొచ్చారు అని అడిగారు. చివర్లో ప్రేమగానే "అమ్మగారిని కూడా తీసుకురావాల్సింది బాబూ" అన్నారు. గొంతు పూడుకుపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు ప్రసంగం ఒక్క ముక్క కూడా చెవికెక్కలేదు. మళ్లీ అక్కడికి వెళ్లలేదు.

ఎవరూ చెడు మనసుతో చేయలేదని తెలుసు. కానీ గుడిలోకి వచ్చే మనిషి ఏం మోసుకుంటూ వస్తున్నాడో మనకు తెలియదు కదా. ఈ పద్ధతి మానేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గుమ్మం దగ్గర:
బ్రదర్, చదువుతుంటే చాలా బాధ వేసింది. అయినా పూర్తిగా మానేయాలంటే ఒప్పుకోలేను. 11 ఏళ్లుగా తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి చోటు చూపిస్తున్నాను. లేపి నిలబెట్టడం వల్ల వెళ్లిపోయినవాళ్లని చూశాను, కానీ ఎవరూ పలకరించక వెళ్లిపోయినవాళ్లని అంతకంటే ఎక్కువ చూశాను. ఒకావిడ వరసగా మూడు వారాలు వచ్చారు. నేను పుస్తకం ఇచ్చి లోపలికి పంపాను, నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగో వారం రాలేదు. తర్వాత తెలిసింది, ఆ మూడు వారాల్లో ఆవిడతో ఒక్కరు కూడా మాట్లాడలేదట. లేచి నిలబడితే కనీసం ఈమె కొత్త అని సంఘానికి తెలిసేది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆల్టో గొంతు:
పాటల బృందంలో ఉంటాను కాబట్టి ముందు నుంచి అందరూ కనిపిస్తారు. "ఇప్పుడు ఒకరికొకరు వందనాలు చెప్పుకోండి" అనగానే ఏం జరుగుతుందో చెప్తాను. వారమంతా మాట్లాడుకునేవాళ్లే మళ్లీ మాట్లాడుకుంటారు. కొత్తగా వచ్చినవాళ్లు చెయ్యి సగం చాపి, ఎవరూ చూడకపోతే ఆ చేత్తోనే చున్నీ సర్దుకుంటారు. పోయిన నెల ఒకమ్మాయి ఆ రెండు నిమిషాలూ ఫోన్ తీసి చూస్తూ ఉంది. ఫోన్ మీద ధ్యాసతో కాదు, ఎటు చూడాలో తెలియక.

ఇంకో మాట కూడా చెప్పాలి. అడగకుండా కౌగిలించుకోవడం, భుజం మీద చెయ్యి వేయడం మానుకోవాలి. కొందరికి మనిషి స్పర్శ అంటేనే భయం ఉంటుంది, దాని వెనక ఏముందో వాళ్లు మనకి చెప్పరు. చేతులు జోడిస్తే చాలు, ఎదుటివాళ్లు చెయ్యి చాపితే అప్పుడు మనమూ కలుపుదాం.

పాత పుటలు:
ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలిసిపోతున్నాయనిపిస్తోంది: ఒకరికొకరు వందనం చెప్పుకోవడం, కొత్తవాళ్లని ఆహ్వానించడం. పవిత్రమైన ముద్దుతో వందనం చేసుకోమని పౌలు నాలుగు పత్రికల్లో (బైబిల్లోని లేఖల్లో) రాశాడు, పేతురు కూడా తన మొదటి పత్రిక చివర రాశాడు. సుమారు 155లో జస్టిన్ మార్టిర్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత ఆరాధన క్రమాన్ని వివరిస్తూ, ప్రార్థనలు ముగిశాక ఒకరినొకరు ముద్దుతో పలకరించుకుంటారని చెప్పాడు. అంటే ప్రభువు బల్ల (ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) కోసం రొట్టె, పాత్ర తెచ్చే ముందు. అర్పణ తెచ్చేముందు సహోదరునితో సమాధానపడు అని మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాటకి ఇది దగ్గరగా ఉంటుంది. ఇది సంఘంలో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు సమాధానపడటం. ఇంకా బాప్తిస్మం పొందనివాళ్లకి ఆ రోజుల్లో ఇందులో చోటే లేదు. కొత్తవాళ్లని ఆహ్వానించడానికి పుట్టిన పద్ధతి కాదిది.

అప్పుడు కూడా ఇబ్బందులు ఉన్నాయి. ముద్దుల చప్పుడుతో సంఘాన్ని మోగించేవాళ్లని అలెగ్జాండ్రియా క్లెమెంట్ అనే తొలినాటి క్రైస్తవ బోధకుడు గట్టిగానే మందలించాడు. స్త్రీలు స్త్రీలతో, పురుషులు పురుషులతో అనే నియమమూ వచ్చింది. తర్వాత చాలాచోట్ల ఇది గురువుల (ఆరాధన నడిపే ప్రీస్టుల) మధ్యకి కుదించుకుపోయి, 20వ శతాబ్దంలో మళ్లీ అందరి దగ్గరకి వచ్చింది. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) 1950లో తయారుచేసుకున్న ఆరాధన క్రమంలో సమాధానం (శాంతి వందనం) చేతి నుంచి చేతికి అందుతుంది. దాన్ని చూసి బయట దేశాల సంఘాలు కూడా నేర్చుకున్నాయి. కాథలిక్ నియమాలైతే ఈ సమాధానాన్ని దగ్గరగా ఉన్నవాళ్లకి మాత్రమే, నెమ్మదిగా ఇవ్వమంటాయి.

మరి కొత్తవాళ్ల సంగతి? 3వ శతాబ్దంలో సిరియా ప్రాంతంలో రాసిన 'డిడస్కాలియా' అనే సంఘ క్రమంలో ఒక మాట ఉంది, దాని దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేదవాడో పేదరాలో, అందులోనూ వయసు మళ్లినవాళ్లు వస్తే, కూర్చోవడానికి చోటు లేకపోతే, బిషప్ తానే నేల మీద కూర్చుని అయినా వాళ్లకి చోటు ఇవ్వాలట. వచ్చినవాళ్లని లేపమని లేదు. మనం లేవాలని ఉంది.

గుమ్మం దగ్గర:
అన్నా, ఆ చివరి మాట గుచ్చుకుంది. యాకోబు పత్రిక 2వ అధ్యాయం నాకు బాగా తెలిసినదే. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడిని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాడిని "నువ్వక్కడ నిలబడు" అనడం గురించి రాసింది. నిజం ఒప్పుకుంటాను, మంచి బట్టల్లో వచ్చినవాళ్లని నేను చాలాసార్లు ముందు వరసకే తీసుకెళ్లాను.

కానీ నా ప్రశ్నకి జవాబు రాలేదు. నిలబెట్టకపోతే ఎవరు కొత్తో సంఘానికి ఎలా తెలుస్తుంది?

పాస్టరమ్మ:
మాది 40 మందిమి ఉన్న చిన్న సంఘం బాబూ. మా దగ్గర ఎవరు కొత్తో అందరికీ తెలుస్తుంది, నిలబెట్టక్కర్లేదు. అయినా ఏమీ అనకుండా ఉంటే అదే ఎబ్బెట్టుగా ఉంటుంది. అందుకే మా పాస్టరుగారు వేదిక మీద నుంచి "మీలో కొందరు మొదటిసారి వచ్చారు, మీరు వచ్చినందుకు మాకు సంతోషం, మీరేమీ చేయక్కర్లేదు, హాయిగా కూర్చోండి" అని మాత్రమే అంటారు. ఎవరి వైపూ చూడరు.

అసలు సమస్య ఆరాధన అయ్యాక మొదలవుతుందని నా అనుభవం. ఆశీర్వాదం అయిన వెంటనే కొత్తవాళ్లు తలుపు వైపు నడుస్తారు. ఆ ఐదు నిమిషాల్లో పెద్దలు చందా లెక్కల్లో, మేము సండే స్కూలు పిల్లల దగ్గర ఉంటాం. అందుకని ఇద్దరు ఆడవాళ్లకి, ఇద్దరు మగవాళ్లకి ఆ ఐదు నిమిషాలు ఇంకే పనీ పెట్టలేదు. ఫోన్ నంబరు కూడా మొదటివారం అడగం. ఒకసారి ఒకే అబ్బాయికి సోమవారం మా వాళ్లు నలుగురు ఫోన్ చేశారు, ఆ అబ్బాయి భయపడిపోయాడు. అది మా తప్పే.

అతిథి:
నేను క్రైస్తవుణ్ణి కాదు. స్నేహితుడి కోసం రెండు మూడు సార్లు వెళ్లాను. మీరందరూ పలకరింపు గురించి మాట్లాడుతున్నారు. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి అన్నదే. "ప్రైజ్ ద లార్డ్" అని ఎవరైనా అంటే తిరిగి ఏమనాలో తెలియలేదు, నమస్తే అన్నాను, అది తప్పేమో అని చాలాసేపు అనుకున్నాను. రొట్టె పళ్లెం నా వరసకి వచ్చినప్పుడైతే చెమటలు పట్టాయి. తీసుకుంటే మీకు అగౌరవమా, తీసుకోకపోతే అగౌరవమా? ఎవరూ ముందుగా చెప్పలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్న ఒక అమ్మ ఏమీ మాట్లాడకుండా తన పాటల పుస్తకం నా వైపు జరిపి, పాడుతున్న చరణం కింద వేలు పెట్టి చూపించారు. పళ్లెం రాకముందే మెల్లగా "మీరు పక్కవాళ్లకి అందిస్తే చాలండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. ఆ రోజు నాకు ఊపిరి ఆడింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు.

ఆల్టో గొంతు:
అతిథి గారూ, ఇది రాసినందుకు ధన్యవాదాలు. నమస్తే తప్పు కాదండి. 20 ఏళ్లుగా బల్ల దగ్గర కూర్చుంటున్నాను, పళ్లెం చూసి ఒకరికి భయం వేస్తుందని ఒక్కసారి కూడా తట్టలేదు.

గుమ్మం దగ్గర అన్నా, మీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదే అనిపిస్తోంది. కొత్తవాళ్లు ఎవరో 300 మందికి తెలియక్కర్లేదు. పక్కన కూర్చున్న ఒక్కరికి తెలిస్తే చాలు. మీరు చోటు చూపించేటప్పుడే వాళ్లని అలాంటి ఒకరి పక్కన కూర్చోబెట్టండి.

గుమ్మం దగ్గర:
నిన్న పెద్దలతో మాట్లాడాను. అందరూ ఒప్పుకోలేదు. "మా నాన్నగారి కాలం నుంచి ఉన్న పద్ధతి" అని ఒకాయన చాలా నొచ్చుకున్నారు, ఆయన మనసు నాకు అర్థమైంది. చివరికి ఒక నెల ఆపి చూద్దామన్నారు. మైకు కొత్తవాళ్ల దగ్గరకి వెళ్లదు. వెనక రెండు వరసలు పాత సభ్యులు ఖాళీగా ఉంచుతారు, ఆలస్యంగా వచ్చినవాళ్లు అందరి ముందూ నడవకుండా. ప్రతి వరస చివర ఒకరిని కూర్చోబెడుతున్నాం. ప్రభువు బల్ల రోజున తలుపు దగ్గరే పద్ధతి చెప్పమని నాకు అప్పగించారు. పద్ధతి పూర్తిగా పోవాలని ఇప్పటికీ అనుకోవడం లేదు, లేచి తన పేరు తానే చెప్పుకోవాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లని ఆపను.

బ్రదర్ వెనక వరుస, మీరు ఇప్పుడు ఎక్కడికైనా వెళ్తున్నారా?

వెనక వరుస:
వెళ్తున్నాను అన్నా. వేరే చర్చి. మొదటివారం చోటు లేక తలుపు దగ్గర నిలబడితే ఒక పెద్దాయన జరిగి కూర్చోమన్నారు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర పేరు అడిగారు, అంతే. రెండో వారం పేరు గుర్తుపెట్టుకుని పిలిచారు. మూడో వారం ఆయన అడగకుండానే అమ్మ సంగతి చెప్పాను.