ఎమ్మెల్యే గైర్హాజరు, జీతం కోత: అప్పీలులో ఏ రికార్డు అడగాలి?

మాది అనంతపురం. అనుమతి లేకుండా సభకు రాని ఎమ్మెల్యేకు ఆ రోజుల జీతం ఆపుతారా లేదా అన్నది కాగితం మీద తేల్చుకుందామని మూడు నెలలుగా చూస్తున్నా.

రాజ్యాంగంలో 190(4) చదివినా. అనుమతి లేకుండా 60 రోజుల పాటు అన్ని సమావేశాలకూ రాకుంటే సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చట. సభ వరుసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడితే ఆ కాలం లెక్కలోకి రాదు. ఇట్లయితే 60 నిండేదెప్పుడు? అయినా అది సీటు సంగతి, జీతం సంగతి కాదు. ఎంపీలకైతే రిజిస్టర్లో సంతకం లేకుంటే దినభత్యం రాదు, నెల జీతానికి మాత్రం ఆ ముడి లేదు. (మా ఊర్లో ఉపాధి పనికి మస్టర్లో పేరు పడకుంటే ఆ రోజు కూలి పోయినట్టే.)

జూన్ 9న 10 రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా. అడిగింది ఒకటే: మా సభ్యుడు రాని రోజులు, సెలవు అనుమతి, కోసిన జీతం, మూడూ కలిపి ఒక పట్టికగా. జులై 7న జవాబు వచ్చింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 7(9) (ఆఫీసు వనరులు మరీ ఎక్కువగా మళ్లించాల్సి వస్తే అడిగిన రూపంలో ఇవ్వనక్కర్లేదనే నిబంధన) చూపించి, అడిగిన రూపంలో ఇవ్వలేమన్నారు. పట్టిక అడగడం నా తప్పేనేమో.

మొదటి అప్పీలుకు 30 రోజులే గడువు, ఆగస్టు 6తో సరి. ఇట్లాంటి సమాచారం తెప్పించుకున్నవాళ్లు చెప్పండి: మళ్లీ తిప్పి పంపకుండా ఉండాలంటే అప్పీలులో ఏ రికార్డును ఏ పేరుతో అడగాలి?