వెనుక బేరింగులు మార్చినా ఆగని హోరు: డిఫరెన్షియల్ విప్పక తప్పదా?

ప్రశ్న:
నా వద్ద ఇరవై ఏళ్లు దాటిన, వెనుక చక్రాలతో నడిచే డీజిల్ జీపు ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటగానే కింది నుంచి సన్నని హోరు మొదలై, 70 వద్ద పక్కవారి మాట వినపడనంతగా పెరుగుతోంది. దీనికి తోడు, రివర్సు నుంచి మొదటి గేరుకు మార్చి క్లచ్ వదిలితే ‘టంగ్’మని ఒక దెబ్బ వినిపిస్తోంది. మెకానిక్ సలహాపై వెనుక చక్రాల బేరింగులు రెండూ మార్పించాను, టైర్లను ముందుకూ వెనక్కూ మార్చి చూశాను, ఫలితం లేదు. ఇక డిఫరెన్షియల్ (వెనుక ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె) విప్పాలంటున్నారు. అంతకు ముందే నేను పరీక్షించదగినవి ఏమైనా ఉన్నాయా?

మొదటి సమాధానం:
ఇప్పుడే విప్పించకండి. ఖాళీ రోడ్డు మీద, గేరులో ఉండగానే యాక్సిలరేటర్ నొక్కి, వదిలి చూడండి. అప్పుడు హోరు స్వరం మారితే డిఫరెన్షియల్ లోపలి పళ్లచక్రాలైన క్రౌన్, పినియన్లను అనుమానించాలి. లోడు మారగానే పళ్లు ఒరుసుకునే వైపు మారుతుంది కనుక శబ్దం కూడా మారుతుంది. అలా మారక, బండిని మెల్లగా అటూ ఇటూ మళ్లించినప్పుడు హెచ్చుతగ్గులు వస్తే అది చక్రపు బేరింగే కావచ్చు. ఎడమకు మళ్లినప్పుడు బరువు కుడి చక్రాలపై పడుతుంది, కాబట్టి అప్పుడు పెరిగే శబ్దం సాధారణంగా కుడివైపుది. మీరు ముందు చక్రాలను చూపించినట్టు రాయలేదు. శబ్దం ఛాసిస్ వెంట పాకి మరోచోట వినిపిస్తుంది, అందుచేత చెవి ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం.

రెండవ సమాధానం:
‘టంగ్’మనే దెబ్బను వేరే లోపంగా చూడండి. చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను ఆపి, గేరుబాక్సు నుంచి వెనుక ఇరుసుకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేతితో మెలితిప్పండి. షాఫ్ట్ చివర కీలులా పనిచేసే క్రాస్ కప్పుల అంచున ఇటుకపొడి వంటి తుప్పు కనిపిస్తే లోపల గ్రీజు ఎండి సూది రోలర్లు అరిగాయన్నమాట. షాఫ్ట్ ఊడదీసే ముందు బోల్టులతో కలిసే రెండు ఫ్లాంజిలపైనా (బిళ్లలపైనా) గుర్తు పెట్టుకోండి; స్థానం మారితే అదురు కొత్తగా మొదలయ్యే అవకాశం ఉంది.

అడిగినవారి స్పందన:
వెనుక క్రాస్ దగ్గర ఎర్రని పొడి నిజంగానే వేలికి అంటింది. విప్పి వంచితే ఒక దిశలో సాఫీగా, మరో దిశలో గంట్లు పడినట్టు ఆగి ఆగి కదిలింది. దాన్ని మార్చాక దెబ్బ పోయింది, హోరు మిగిలింది. ఎడమకు మళ్లినప్పుడే అది పెరుగుతోంది. జాకీపై ముందు కుడి చక్రాన్ని తిప్పుతూ స్ప్రింగుపై వేళ్లు ఆనించగా గరగర స్పష్టంగా తెలిసింది. రేపు ఆ బేరింగు మార్పిస్తున్నాను.

మొదటి సమాధానం ఇచ్చినవారు:
బేరింగుతో పాటు గ్రీజు సీలు కూడా కొత్తది వేయించండి, పాతదాని గుండా నీరు చేరితే కొత్త బేరింగూ త్వరగా పాడవుతుంది.