రీఫ్ ట్యాంక్‌లో నాలుగు మీటర్లు, నాలుగు రీడింగ్‌లు: దేన్ని నమ్మాలి?

కొర్లగుంట_రీఫ్:
200 లీటర్ల రీఫ్ (పగడాలు పెంచే ఉప్పునీటి) ట్యాంక్, కింద సంప్ (హీటర్, పంప్ పెట్టుకునే రెండో తొట్టి). ఎల్‌పీఎస్ (పెద్ద పాలిప్‌ల రాతి పగడాలు), సాఫ్ట్ కోరల్స్ ఉన్నాయి. చిల్లర్‌ని (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఎస్‌టీసీ-1000 అనే ఉష్ణోగ్రత కంట్రోలర్ నడుపుతోంది, ఎఫ్1 (ఉంచాల్సిన ఉష్ణోగ్రత) 25.5 డిగ్రీల్లో ఉంది. దాని ప్రోబ్ సంప్‌లో, నీళ్లని తిరిగి ట్యాంక్‌లోకి ఎక్కించే రిటర్న్ పంప్ పక్కన పెట్టాను. అది 25.8 చూపించేటప్పుడే ట్యాంక్‌లోని డిజిటల్ మీటర్ 27.1 అంటోంది. అద్దానికి అతికించిన స్ట్రిప్ మధ్యాహ్నం 29, ఇన్‌ఫ్రారెడ్ గన్ 25 లోపు. తిరుపతి ఎండలు ముదిరేలోగా ఇది తేల్చుకోవాలి. ఈఎస్‌పీ32 (చిన్న కంప్యూటర్ బోర్డు)కి డీఎస్18బీ20 (డిజిటల్ ఉష్ణోగ్రత సెన్సర్) తగిలించి లాగ్ చేద్దామనుకుంటున్నా. ప్రోబ్‌ని మరిగే నీళ్లలో ముంచి 100కి సరిచేస్తే చాలంటున్నారు, నిజమేనా?

ఉప్పునీళ్లు:
ముందు స్ట్రిప్‌నీ గన్‌నీ పక్కన పెట్టేయండి. స్ట్రిప్‌కి ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు గది వేడి. అది చూపించేది రెంటికీ మధ్య ఎక్కడో ఉండే అంకె. గన్ నీటి పైపొరనే చూస్తుంది, ఫ్యాన్ గాలికి ఆవిరయ్యే ఆ పొర లోపలి నీళ్లకంటే చల్లగా ఉంటుంది. అద్దం మీద పెడితే అద్దం వేడి చెబుతుంది.

మరిగే నీళ్లు వద్దు. ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కొండ మీద తిరుమలలో దాదాపు 97కే. తిరుపతిలో ఆ తేడా కొంచెమే అయినా, మనకు కావాల్సిన 26కి 100 చాలా దూరం. పైగా చవక ప్రోబ్‌ల వైరు తొడుగు, సీలు ఆ వేడికి పాడవుతాయి.

26కి కిందొకటి, పైనొకటి తెలిసిన బిందువులు పట్టుకోండి. కిందది ఐస్, పైది జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్. మంచివి 35.5 నుంచి 42 మధ్య 0.1 తేడాలోపే చెబుతాయి.

ఐస్‌కి ఆర్‌ఓ నీళ్లతో చేసిన గడ్డలు చితక్కొట్టి ఫ్లాస్క్ నిండా కూరండి. సందులు నిండేంత మాత్రమే చల్లటి ఆర్‌ఓ నీళ్లు పోయాలి. నీళ్లు ఎక్కువై ఐస్ పైకి తేలితే అడుగున 4 డిగ్రీల నీళ్లు చేరతాయి, ప్రోబ్ కొన అక్కడే కూర్చుంటుంది. ఉప్పు తగిలితే 0 కిందికి పోతుంది కాబట్టి ప్రోబ్‌ని ముందే మంచినీళ్లలో కడగండి. గోడకీ అడుగుకీ తగలకుండా 10 నిమిషాలు కలుపుతూ ఉంచి రీడింగ్ రాసుకోండి.

37కి మూతున్న హాట్‌ప్యాక్‌లో రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్లు. ఇక్కడో మెలిక ఉంది: జ్వరం థర్మామీటర్ చూసిన అత్యధిక అంకెనే పట్టుకుని కూర్చుంటుంది, నీళ్లు చల్లారినా దిగదు. అందుకే ముందు ప్రోబ్ వేసి కుదురుకోనివ్వండి, తర్వాతే థర్మామీటర్ ముంచి, బీప్ కొట్టిన క్షణాన రెండూ రాసుకోండి.

రెండు చోట్లా వచ్చిన తేడాల మధ్య గీత గీస్తే 26 దగ్గరి తేడా తెలుస్తుంది. 0 నుంచి 37కి చేరే దారిలో 26 అంటే సుమారు పదింట ఏడు వంతులు.

నాలుగుపాయింట్ఏడు_కె:
డీఎస్18బీ20 గురించి. 0.0625 మెట్టు (అది చూపగల అతి చిన్న తేడా) చూసి మురిసిపోవద్దు, అది మెట్టే, ఖచ్చితత్వం కాదు. డేటాషీట్ ఇచ్చే హామీ -10 నుంచి 85 వరకు ±0.5. నకిలీ చిప్‌లు ఎక్కువ, వాటికి ఆ హామీ కూడా ఉండదు. కాబట్టి పై పరీక్ష దీనికీ తప్పదు.

పవర్, గ్రౌండ్, డేటా మూడు వైర్లూ బోర్డుకి వేటికవే తగిలించండి, డేటాకీ 3.3 వోల్ట్‌లకీ మధ్య 4.7 కిలోఓమ్ రెసిస్టర్. కోడ్‌లో 85.0 వస్తే దాన్ని ఉష్ణోగ్రతగా తీసుకోవద్దు: సెన్సర్ పవర్ పోయి వచ్చిందనో, కొలత పూర్తికాకముందే చదివామనో అర్థం. 12 బిట్‌ల కొలతకు 750 మిల్లీసెకన్లు పడుతుంది. ఆర్డుయినో లైబ్రరీలో -127 అంటే వైరు ఊడింది. ఈ రెండూ వడకట్టకుండా రిలేకి (చిల్లర్, హీటర్‌లని నడిపే స్విచ్) పంపితే, మొదటిది చిల్లర్‌ని ఊరికే తిప్పుతుంది, రెండోది హీటర్‌ని ఆపకుండా కాలుస్తుంది.

“స్టెయిన్‌లెస్” అని అమ్మే గొట్టం ఉప్పునీళ్లలో తుప్పు పట్టొచ్చు. సన్నటి గాజు టెస్ట్‌ట్యూబ్‌లో థర్మల్ పేస్ట్ వేసి ప్రోబ్ దింపండి, మూతి సిలికాన్‌తో మూసి నీటిమట్టానికి పైనే ఉంచండి. స్పందన కొంచెం నిదానిస్తుంది, ట్యాంక్‌కి అది లెక్కలోకి రాదు.

పలమనేరు_సంప్:
ప్రోబ్ యాడ పెట్టినావనేది కూడా చూడన్నా. కంట్రోలర్ ప్రోబ్ సంప్‌లో ఉండటమే మేలు, హీటర్ కూడా ఆడే ఉంటే. హీటర్ సంప్‌లో, ప్రోబ్ ట్యాంక్‌లో పెడితే, రిటర్న్ పంప్ ఆగిన రోజు పైన నీళ్లు చల్లబడతా ఉంటాయి, కింద సంప్ కాగిపోతా ఉంటుంది. హీటర్‌కి ఒక జానెడు దూరంగా, నీళ్లు పారే చోట కట్టు. ట్యాంక్‌లో ఇంకో మీటర్ చూడ్డానికి మాత్రమే.

ఫ్యాన్లు వాడితే ఆర్‌ఓ టాప్-అప్ మర్చిపోవద్దు, ఆవిరికి ఉప్పు చిక్కబడతాది. వానాకాలం గాలిలో తేమ ఉన్నప్పుడు ఫ్యాన్ పెద్దగా చల్లబరచదు.

కొర్లగుంట_రీఫ్:
చేశాను. ఎస్‌టీసీ ఐస్‌లో -0.9, 37.2 దగ్గర 36.0. డిజిటల్ మీటర్ ఐస్‌లో 0.2, 37.2 దగ్గర 37.4. ఎస్‌టీసీ రీడింగ్‌ని సరిచేసే ఎఫ్4లో ఎంత పెట్టాలి?

ఉప్పునీళ్లు:
ఎస్‌టీసీ ఒకచోట 0.9, ఇంకోచోట 1.2 తక్కువ చూపిస్తోంది. 26 దగ్గర 1.1. ఎఫ్4లో +1.1 పెట్టండి. డిజిటల్ మీటర్ 0.2 ఎక్కువ, అంటే మీ 27.1 అసలు 26.9. ఎస్‌టీసీ 25.8కి 1.1 కలిపినా అదే.

అయితే ఎఫ్4 ఒక్కటే మార్చి వదిలేస్తే ఎఫ్1 25.5 కాబట్టి చిల్లర్ ఆగకుండా తిరిగి నీళ్లని ఒక్కసారిగా దించేస్తుంది. ఎఫ్1 కూడా అప్పుడే 26.6కి జరపండి. ఎఫ్2 (ఎంత తేడా వస్తే ఆన్ కావాలి) 0.5, కంప్రెసర్ కోసం ఎఫ్3 (మళ్లీ ఆన్ అయ్యేముందు ఆగే సమయం) 3 నిమిషాలు చాలు. ఇన్నాళ్లూ మీ కోరల్స్ 26.6 దగ్గరే ఉన్నాయి, బాగుంటే దించే పనే లేదు. దించాలనుకుంటే రోజుకి 0.2 చొప్పున.