వాచ్‌మన్‌కు ‘ఉద్వాసన’ అనొచ్చా?

అంబర్‌పేట అబ్బాయి: మా అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద సెక్రటరీ గారు ‘వాచ్‌మన్‌కు ఉద్వాసన’ అని రాశారు. ‘తొలగింపు’ అనాలి కదా?

పాత పంతులు: అనాలి. పూజలో ఆవాహన చేసిన దేవుణ్ణి చివర్లో సాగనంపేది ఉద్వాసన. చవితి వినాయకుణ్ణి హుస్సేన్‌సాగర్‌కి ఎత్తే ముందు ఉద్వాసన చెప్పి విగ్రహాన్ని కాస్త కదుపుతాం. పిలిచి, పీట వేసి, నైవేద్యం పెట్టిన వాళ్లకే ఆ మాట. మీ వాచ్‌మన్‌కి ఎవరు పెట్టారు నైవేద్యం?

డెస్క్ కుర్చీ: పదిహేనేళ్లు పేపర్లో హెడ్డింగులు పెట్టాను. ‘మంత్రికి ఉద్వాసన’ అంటే చదివేవాడికి క్షణంలో అర్థమవుతుంది. ‘తొలగింపు’ అంటే ఫుట్‌పాత్ మీద ఆక్రమణలు గుర్తొస్తాయి. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఎన్టీఆర్‌ని దించేసిన సంగతి ఎత్తితే ఇప్పటికీ జనం నోట వచ్చేది ‘బర్తరఫ్’.

పాత పంతులు: బర్తరఫ్ ఫారసీ మాట. ‘పక్కకు’ అని. దేవుడితో సంబంధం లేదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

మలక్‌పేట రిటైర్డ్: నాకుంది. సర్కారు కొలువులో రిమూవల్ వేరు, డిస్మిసల్ వేరు. రాజ్యాంగం 311వ అధికరణంలోనూ రెండూ విడివిడిగానే ఉన్నాయి. రిమూవ్ చేస్తే మళ్లీ ప్రభుత్వ ఉద్యోగానికి అడ్డు లేదు. డిస్మిస్ చేస్తే మామూలుగా ఆ దారి మూసుకున్నట్టే. మా తమ్ముడికి వచ్చింది రిమూవల్. చుట్టాలంతా ‘బర్తరఫ్ అయ్యాడట’ అన్నారు. కుదిరిన సంబంధం తప్పిపోయింది.

డెస్క్ కుర్చీ: అది మీ చుట్టాల సమస్య సార్, భాషది కాదు.

మలక్‌పేట రిటైర్డ్: హెడ్డింగులు పెట్టేవాళ్లకు అలాగే ఉంటుంది. మా ఇంటికొచ్చి మా అమ్మతో అనండి ఆ మాట.

గల్లీ క్రికెట్: మా బస్తీల ‘పీకేసిండ్రు’ అంటం. ఖతం.

పాత పంతులు: పీకేది కలుపుని.

గల్లీ క్రికెట్: మరి వాచ్‌మన్‌ను ఏం చేసిండ్రు సార్?

అంబర్‌పేట అబ్బాయి: అసలు సంగతి చెప్తాను. అతను మా ఊరివాడే, పనిలో పెట్టించింది నేనే. మోటార్ కాలిపోయిందని రాత్రికి రాత్రి పెట్టే బేడా సర్దుకోమన్నారు. పిల్లల స్కూలు మధ్యలో ఉంది. ఆ నోటీసు చూసి ‘మంచి మాటే రాసినట్టున్నారు కదన్నా’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఫ్లాట్ 302: ఆ నోటీసు రాసింది నేనే. ఇంటి గొడవ ఇక్కడికి తెస్తావనుకోలేదు బాబూ. ‘తీసేశాం’ అంటే మోటుగా ఉంటుందని మర్యాదగా రాశాను. మీటింగులో నువ్వూ ఉన్నావు, చెయ్యెత్తి వద్దనలేదు.

పాత పంతులు: మర్యాద కావాలంటే ‘మాన్పించాం’ అనేది ఉందిగా. ఇళ్లల్లో పనివాళ్ల విషయంలో అనేది అదే.

అంబర్‌పేట అబ్బాయి: అవును సార్, మాన్పించారు. చివరి నెల జీతం కూడా మాన్పించారు.

పాత పంతులు: జీతానికి ఆ మాట రాదు. ‘ఎగ్గొట్టారు’ అనాలి.