మొదటి ఖర్చు దేనిమీద: ఇంజిన్ ట్యూనింగ్ మీదా, బ్రేకుల మీదా?

కొత్త_స్టీరింగ్:
అందరికీ నమస్కారం. నా దగ్గర 2020 టయోటా జీఆర్ సుప్రా ఉంది, బీఎండబ్ల్యూ తయారుచేసిన 3 లీటర్ల బీ58 టర్బో ఇంజిన్‌ది. కంపెనీ లెక్క 340 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. వీలు దొరికినప్పుడు ట్రాక్ డేలకి వెళ్తుంటాను. చేతిలో ఉన్న డబ్బు ఒక్క పనికే సరిపోతుంది. స్టేజ్ 1 ట్యూన్, అంటే పార్టులు మార్చకుండా సాఫ్ట్‌వేర్‌తోనే పవర్ పెంచడం, చేయించమని ఒక ఫ్రెండు, ముందు బ్రేకులు, టైర్ల సంగతి చూడమని ఇంకొకడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ఏది ముందు?

టార్క్‌పిచ్చి_88:
ఇందులో ఆలోచించడానికి ఏముంది బ్రో. స్టేజ్ 1. బీ58 ఇంజిన్ 2015లో బీఎండబ్ల్యూ కార్లలో వచ్చింది, అప్పటినుంచీ ట్యూనర్లకి ముద్దుబిడ్డే. క్లోజ్‌డ్ డెక్ బ్లాకు, అంటే సిలిండర్ గోడలు గట్టివి. లాప్‌టాప్ తగిలించి బూస్ట్ (టర్బో నింపే గాలి ఒత్తిడి), ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) మారిస్తే 400 సునాయాసంగా దాటుతుంది. ఒక్కటి చూసుకో, 2020 మధ్య నుంచి తయారైన కార్లలో ఈసీయూకి, అంటే ఇంజిన్ నడిపే కంప్యూటర్‌కి, లాక్ ఉంటుంది, దాన్ని విప్పి బెంచ్ మీద అన్‌లాక్ చేయించాలి. కంపెనీ కావాలనే మార్జిన్ వదిలిపెట్టింది. మనం డబ్బిచ్చి కొన్నదాన్నే మనం వాడుకోవడం అన్నమాట.

బ్రేకింగ్_పాయింట్:
కొత్త_స్టీరింగ్ గారూ, ట్రాక్‌కి వెళ్తున్నానన్నారు కాబట్టి చెబుతున్నా. 200 కిలోమీటర్ల వేగం నుంచి 100కి తగ్గించారంటే వేగం సగమైంది గానీ, కారులో ఉన్న శక్తిలో ముప్పావు వంతు వేడిగా మారి డిస్కుల్లోకి పోయింది. ట్యూన్ తర్వాత అదే స్ట్రెయిట్ చివర 220కి చేరారనుకోండి, శక్తి 21 శాతం పెరిగినట్టు. వేగం పదో వంతే పెరిగింది, శక్తి పెరిగింది మాత్రం ఐదో వంతుకి పైనే. అది ప్రతి ల్యాపులో, ప్రతి పెద్ద బ్రేకింగ్‌లో.

ఇక బ్రేక్ ఫ్లూయిడ్. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ప్రమాణాల్లో చెప్పిన మేరకు తడి పట్టాక ఆ కనీస హద్దు 155. ఫ్లూయిడ్ మరిగితే ఆవిరి బుడగలు. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకి తగులుతుంది, కారు మాత్రం ఆగదు. ముందు మంచి ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు. తర్వాత టైర్లు. ఆ తర్వాతే ఏదైనా.

మూలన_కూర్చున్నా:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

టార్క్‌పిచ్చి_88:
వచ్చాడండీ బ్రేకుల బ్రహ్మ. సుప్రాకి ముందు చక్రాల్లో 348 మిల్లీమీటర్ల డిస్కులు, నాలుగు పిస్టన్ల బ్రెంబో క్యాలిపర్లు కంపెనీయే ఇచ్చింది. ఇంకా పెద్దవి పెడితే కారు తక్కువ దూరంలో ఆగుతుందా? ఆగదు. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ పనిచేసేంత గట్టిగా ఇప్పటికే బ్రేకు పడుతోందంటే, ఆపేది టైరు పట్టు, డిస్కు సైజు కాదు. ఇది ఫిజిక్స్. పెద్ద బ్రేక్ కిట్లు అల్లాయ్ వీల్ సందుల్లోంచి ఎర్రగా కనబడటానికి తప్ప ఎందుకూ పనికిరావు.

బ్రేకింగ్_పాయింట్:
పెద్ద కిట్ అని నేనెక్కడ రాశాను? పైన ఉంది, మళ్లీ చదవండి. ఫ్లూయిడ్, ప్యాడ్లు అన్నాను.

ఎలాగూ ఎత్తారు కాబట్టి ఇదీ వినండి. ఒక్కసారి ఆగడానికి పట్టే దూరం వేరు, వరసగా ఎనిమిదో ల్యాపులో కూడా అదే దూరంలో ఆగడం వేరు. మొదటిది టైరు పని. రెండోది వేడిని తట్టుకునే పని. ముందు చక్రాలకి మాత్రమే పెద్ద క్యాలిపర్లు పెడితే బ్రేకు బలం ముందుకి ఒరిగిపోయి, వెనక టైర్ల పట్టు వృథా అయి, ఆగే దూరం పెరిగినా పెరగొచ్చు. కాబట్టి కిట్ల విషయంలో మీతో నాకు పెద్ద పేచీ లేదు.

టార్క్‌పిచ్చి_88:
అంటే పెద్ద బ్రేకులతో ఆగే దూరం తగ్గదని ఒప్పుకున్నట్టే కదా. థాంక్స్.

నాలుగు_టైర్లు:
ఇద్దరూ ఆపండి. టైర్లు, క్యాంబర్ (చక్రం వంపు కోణం). అంతే.

లాగ్_పెట్టు:
కొత్త_స్టీరింగ్, ట్యూన్ చేయించేది ఖాయమైతే ఈసీయూలో వేసే ఫైల్ ఎవరిది అన్నదానికంటే లాగ్, అంటే ఇంజిన్ నడుస్తుండగా తీసిన రికార్డు, ఎవరు చూస్తారన్నది ముఖ్యం. మూడో గేరులోనో నాలుగో గేరులోనో కింది నుంచి రెడ్‌లైన్ దాకా లాగి రికార్డు చేయాలి. ఏ సిలిండర్‌లో టైమింగ్ ఎంత వెనక్కి లాగుతోంది, ఇన్‌టేక్ గాలి ఎంత వేడెక్కుతోంది, హై ప్రెషర్ పంపు తర్వాత ఫ్యూయల్ ప్రెషర్ అడిగినంత ఉందా పడిపోతోందా, ఈ మూడూ చూడాలి. డైనో, అంటే పవర్ కొలిచే యంత్రం, ఇచ్చిన కాగితం మీద పెద్ద అంకె చూసి మురిసిపోకండి. ముందూ తర్వాతా ఒకే డైనో మీద, ఒకే పెట్రోలుతో, ఒకే వాతావరణంలో తీసిన తేడాకే విలువ.

కొత్త_స్టీరింగ్:
థాంక్స్ అన్నా. అయితే ట్యూన్ వల్ల ఇంజిన్‌కి ఏమీ కాదా?

టార్క్‌పిచ్చి_88:
ఏమీ కాదు బ్రో. ఇదే సుప్రాని కంపెనీ తర్వాత 387 హార్స్‌పవర్‌తో అమ్మింది. అదే ఇంజిన్. ఫైల్ మార్చి కొత్త మోడల్ అన్నారు.

బ్రేకింగ్_పాయింట్:
తప్పు. ఫైల్ ఒక్కటే మారలేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మారింది. హెడ్‌కీ టర్బోకీ మధ్య రెండు పోర్టులు ఉండేవి ఆరయ్యాయి. పిస్టన్ల డిజైన్ మార్చారు. వేడి తగ్గించడానికి కంపెనీ లోహం మార్చి పవర్ పెంచింది, మీరు లోహం అలాగే ఉంచి పెంచమంటున్నారు. పైగా కంపెనీ ఆగిన చోట కూడా ఆగకుండా 400 దాటమంటున్నారు.

పవర్ అంకె సంగతి పక్కన పెట్టండి, ఇంజిన్‌ని తినేది కింది ఆర్‌పీఎంలో పెరిగిన టార్క్. ఆరో గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే, డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్‌లో స్పార్క్ పడకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. బూస్ట్ ఎంత పెంచితే ఆ దెబ్బ అంత గట్టిగా పడుతుంది. ఒక్క దెబ్బకి రింగ్ ల్యాండ్, అంటే పిస్టన్ మీద రింగుల మధ్య అంచు, పగలొచ్చు.

టార్క్‌పిచ్చి_88:
పగలొచ్చు, మరగొచ్చు, చావొచ్చు. మంచి ట్యూనర్ ఆ కింది ఆర్‌పీఎంలో టార్క్‌కి హద్దు పెడతాడు. నా కారు ట్యూన్‌తోనే ఇన్నాళ్లు తిరిగింది, చుక్క ఆయిల్ తాగలేదు. మీకు ట్యూనింగ్ అంటే భయం, ఆ భయానికి ఫిజిక్స్ చొక్కా తొడుగుతున్నారు.

బ్రేకింగ్_పాయింట్:
భయం ఊరికే రాలేదు. నేను సెకండ్‌హ్యాండ్‌లో ఒక టర్బో కూపే కొన్నాను. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉందన్నాడు అమ్మినవాడు. సర్వీసు పుస్తకం నిండా ముద్రలు. కొన్నాళ్లకి ఐడిల్‌లో వణుకు, ఎగ్జాస్ట్‌లో నీలం పొగ. కంప్రెషన్ చూస్తే మూడో సిలిండర్‌లో పడిపోయింది. ఇంజిన్ విప్పించాను. పిస్టన్ రెండు రింగుల మధ్య అంచు వేలిగోరంత ముక్క ఊడిపోయి ఉంది, సిలిండర్ గోడ మీద పైనుంచి కింద దాకా గీత. ఇన్‌టేక్ గొట్టం (ఇంజిన్‌లోకి గాలి వెళ్లేది) మీద చూస్తే వేరే క్లాంపు బిగించి తీసిన గాటు ఉంది, దాని పక్కనే ఇప్పుడున్న కంపెనీ క్లాంపు. ఈసీయూని చాలాసార్లు రాసి చెరిపినట్టు లెక్క దొరికింది. అంటే ట్యూన్ చేసి వాడుకుని, అమ్మేముందు అన్నీ వెనక్కి మార్చేశారు. వారంటీ ఇంకా ఉంది, అయినా కుదరదు పొమ్మన్నారు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఇంజిన్ ఖర్చు మొత్తం నా నెత్తినే పడింది.

నాలుగు_టైర్లు:
అయ్యో. ఇది బ్రేకుల గొడవ కాదన్నమాట.

టార్క్‌పిచ్చి_88:
సారీ, కానీ ఆ కోపం నా మీద ఎందుకు? మీరు కొనేముందు చెక్ చేయించుకోలేదు. అందరు ట్యూనింగ్ వాళ్లూ దొంగలేనా?

మూలన_కూర్చున్నా:
టార్క్ అన్నా, ఒక డౌటు. అమ్మకాల విభాగంలో నీ పేరుతో ఒక కారు ఉంది. "పూర్తిగా స్టాక్, ఏ మార్పూ లేదు" అని రాశావు. ఇన్నాళ్లు ట్యూన్‌తో తిరిగింది అదేనా, ఇంకోటా?

బ్రేకింగ్_పాయింట్:
ఇప్పుడే చూశాను. ఫోటోలో రంగు కూడా అదే.

టార్క్‌పిచ్చి_88:
అదే. అయితే ఏంటి? స్టాక్ ఫైల్ తిరిగి వేయించాను. ఇప్పుడు ఉన్నది స్టాకే. ఉన్నది ఉన్నట్టు రాశాను.

బ్రేకింగ్_పాయింట్:
నీలాంటివాడి దగ్గరే నేను కొన్నది! ఫైల్ వెనక్కి వచ్చింది సరే, పిస్టన్లు తిన్న దెబ్బలు వెనక్కి వచ్చాయా? నువ్వు వాడుకున్న మార్జిన్‌కి డబ్బు కట్టేది నీ తర్వాత కొనేవాడు. "మనం కొన్నదాన్నే మనం వాడుకోవడం" అని మొదట రాశావే, అదే నీకూ నాకూ గొడవ.

టార్క్‌పిచ్చి_88:
మర్యాదగా మాట్లాడు. ట్యూన్ లేకుండా కారుని నాశనం చేసేవాళ్లు లేరా? పొద్దున్నే చల్లటి ఇంజిన్‌ని రెడ్‌లైన్‌కి కొట్టేవాడు, ఆయిల్ మార్చకుండా నెట్టుకొచ్చేవాడు, ప్రతి సిగ్నల్ దగ్గరా లాంచ్ కంట్రోల్‌తో కారుని ఎగదోసేవాడు, వీళ్లెవరైనా అమ్మేటప్పుడు ఆ మాట రాస్తారా? వాళ్లకి లేని రూలు నాకెందుకు? నేను మంచి పెట్రోలు పోశాను, ఆయిల్ ముందే మార్చాను, స్పార్క్ ప్లగ్గుల గ్యాప్ తగ్గించి వేయించాను. నా కారు వాళ్ల కార్ల కంటే ఆరోగ్యంగా ఉంది.

లాగ్_పెట్టు:
ఈ మాట నేనూ ఒప్పుకుంటా. లాగ్‌లు ఉన్న ట్యూన్ కారు, చరిత్ర తెలియని స్టాక్ కారు కంటే నయం. మరైతే ఆ లాగ్‌లు, ప్లగ్గుల బిల్లు అన్నీ ప్రకటనలో పెట్టేయొచ్చుగా?

టార్క్‌పిచ్చి_88:
పెడితే రేటు పడిపోతుంది. మీకు తెలియదా?

లాగ్_పెట్టు:
తెలుసు. ఆ మాట మీరే రాస్తారేమోనని అడిగా.

బ్రేకింగ్_పాయింట్:
వారంటీ వాళ్ల దగ్గరికి పోయినా స్టాక్ ఫైల్ వేసుకునే పోతావు కదా?

టార్క్‌పిచ్చి_88:
అందరూ చేసేదే. డోర్ హ్యాండిల్ విరిగినా ట్యూన్ వంక పెట్టి వారంటీ ఎగ్గొట్టే సర్వీస్ సెంటర్లు ఉన్నప్పుడు నేనొక్కణ్ణే సత్యహరిశ్చంద్రుణ్ణి కావాలా?

మోడరేటర్:
నువ్వు, నీలాంటివాడు అనే దగ్గర ఆగండి. అమ్మకాల ప్రకటనని పరిశీలనకి పెట్టాం. ప్రశ్న అడిగినవాడిని అందరూ మర్చిపోయారు.

కొత్త_స్టీరింగ్:
నేను ఇక్కడే ఉన్నా, కొంచెం టెన్షన్‌తో. మొదట్లో రాయలేదు, నా సుప్రా కూడా సెకండ్‌హ్యాండే. అమ్మినాయన స్టాక్ అనే చెప్పాడు. ఇది నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?

లాగ్_పెట్టు:
ఓబీడీ పోర్టుకి, అంటే కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్‌కి, స్కానర్ తగిలించి మోడ్ 9 చదవండి. క్యాలిబ్రేషన్ ఐడీ, దాంతోపాటు సీవీఎన్ అని ఒక చెక్‌సమ్ వస్తుంది. అది కంపెనీ ఇచ్చేదానితో కలవకపోతే ఫైల్ మారినట్టే. స్టాక్ ఫైల్ తిరిగి వేసి ఉంటే మాత్రం అది కలుస్తుంది, కాబట్టి ఈసీయూని ఎన్నిసార్లు రాశారన్న లెక్క చదవగలిగేవాళ్లకి చూపించండి. తర్వాత సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా అని చూసే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్, ప్లగ్ రంధ్రంలోంచి కెమెరాతో సిలిండర్ గోడలు.

బ్రేకింగ్_పాయింట్:
ఇన్‌టేక్ గొట్టం మీద క్లాంపు గాట్లు కూడా చూడండి. టార్చ్ వేసి, అడుగువైపు.

టార్క్‌పిచ్చి_88:
ట్యూనర్ మంచివాడైతే సీవీఎన్ కూడా కలుస్తుంది, లెక్కా మారదు. వెతికినా దొరకదు.

బ్రేకింగ్_పాయింట్:
అది కూడా గొప్పగా చెప్పుకుంటున్నావు చూడు.

నాలుగు_టైర్లు:
కొత్త_స్టీరింగ్, ఏది తేలినా ఫ్లూయిడ్ మాత్రం ఈ వారమే మార్పించు. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో అదీ ఎవరికీ తెలియదు.