పల్సర్ 150కి వెనక 130 టైరు వేయించొచ్చా? షాపతను పడుతుందంటున్నాడు

బెజవాడ_బండి:

అందరికీ నమస్కారం. నాది 2016 పల్సర్ 150, వెనక డ్రమ్ బ్రేకు. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. వెనక టైరు బాగా అరిగిపోయింది, మధ్యలో గీతలు దాదాపు కనబడటం లేదు, వానలు మొదలయ్యేలోపు మార్చేయాలి. ఇప్పుడున్నది కంపెనీ సైజే, 100/90-17, అంటే వెడల్పు 100 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు. ఎలాగూ మారుస్తున్నాం కదా, ఈసారి వెడల్పుది వేయించమని మా తమ్ముడు ఒకటే పోరు. వాడి ఫ్రెండ్ యమహా ఎఫ్‌జెడ్ బండికి వెనక 140 టైరు చూసినప్పటి నుంచి నా బండి వెనక నుంచి చూస్తే బక్కగా ఉందంటాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆశగానే ఉంది.

లుక్ ఒక్కటే అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. ఏడాదికి రెండు మూడు సార్లు అమ్మని ఎక్కించుకుని శ్రీశైలం వెళ్తుంటాను. పోయిన కార్తీకంలో డోర్నాల దాటాక ఘాట్‌లో చినుకులు పడుతుంటే ఒక మలుపులో వెనక చక్రం చిన్నగా పక్కకి జారింది. పడలేదు, కానీ అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది, ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది. టైరు వెడల్పైతే రోడ్డు మీద పట్టు పెరుగుతుంది కదా అనేది నా ఆలోచన.

షాపతను 130/70-17 వేసుకో, ఎత్తు ఒకటే కాబట్టి హాయిగా పడుతుంది అన్నాడు. నేనూ లెక్క వేశాను, 100లో 90 శాతం అంటే 90 మిల్లీమీటర్లు, 130లో 70 శాతం అంటే 91. నిజంగానే ఎత్తు ఒకటే. మరి వేయించేయనా? ఎవరైనా వేయించినవాళ్లు ఉంటే చెప్పండి.

ఆటోనగర్_శీను:

తమ్ముడూ, ఎత్తు లెక్క కరెక్టే. కానీ షాపతను రిమ్ సంగతి ఎందుకు ఎత్తలేదు? ముందు బండి దగ్గరికెళ్లి వెనక అల్లాయ్ మీద, పుల్లల దగ్గర, పోత పోసిన అక్షరాలు చదువు. 17 పక్కన ఎంటీ అని, దాని పక్కన 2.15 అనో 2.50 అనో ఉంటుంది. అది రిమ్ లోపలి వెడల్పు, అంగుళాల్లో. టైరు ఎంత వెడల్పు పడుతుందో చెప్పేది ఆ అంకె, టైరు ఎత్తు కాదు.

130/70కి రిమ్ కనీసం 3 అంగుళాలు ఉండాలి, మూడున్నర ఉంటే సరిగ్గా కూర్చుంటుంది. నీ తమ్ముడు చూసిన ఎఫ్‌జెడ్‌కి ఆ 140/60 టైరు 3.50 రిమ్ మీద ఉంటుంది. 2008లో ఆ బండి వచ్చినప్పటి నుంచి చూస్తున్నా, వెనక టైరు చూసి మోజుపడి నా దగ్గరికి వచ్చేవాళ్లకి లెక్కలేదు. టైరు చూస్తారు, దాని కింద రిమ్ ఎంతుందో చూడరు.

ఇంకోటి, గాలి ఎంత కొట్టిస్తున్నావ్? మధ్యలో మాత్రమే అరిగిందన్నావ్ కాబట్టి అడుగుతున్నా.

వాన_రోడ్డు:

నేను వేయించాను అన్నా, అందుకే రాస్తున్నా. పల్సర్ కాదు, వేరే 150 సీసీ బండి. వెనక కంపెనీ టైరు 100, నేను 130 ఎక్కించాను. ఎక్కించడానికి షాపులో ఇద్దరు కుర్రాళ్లు అరగంట కుస్తీ పట్టారు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. చూడటానికి మాత్రం మొదటి రోజు భలే ఉంది, వీధిలో పిల్లలు కూడా అడిగారు.

రెండో వారం నుంచి మొదలైంది. గుంతలో పడ్డప్పుడల్లా ఎడమవైపు నుంచి చర్‌మని శబ్దం, చూస్తే చైన్ టైరు పక్క గోడని రాస్తోంది, రబ్బరు మీద నల్లగా గీత పడిపోయింది. చైన్‌కీ టైరుకీ మధ్య ఖాళీ వేలు పట్టేంత కూడా లేదు. మనిషి ఎక్కితే మడ్‌గార్డు లోపల కూడా తగిలేది. అవన్నీ సరే, బండి తిప్పేటప్పుడు ఒక వింత. నిటారుగా ఉన్నప్పుడు బాగుంటుంది, కొంచెం వంచగానే ఉన్నట్టుండి ఒక పక్కకి పడిపోతున్నట్టు ఉండేది. నేను అలవాటు కాలేదేమో అనుకున్నా. మూడు నెలలు అలాగే తిప్పాను.

గుంటూరు నుంచి వస్తూ వర్షంలో సర్వీసు రోడ్డు మలుపులో జారి పడ్డాను. స్పీడు 30 కూడా లేదు. మోచెయ్యి చర్మం లేచిపోయింది, దేవుడి దయవల్ల వెనక ఎవరూ లేరు. తర్వాత టైరు విప్పించి చూస్తే మధ్యలో రెండు వేళ్ల వెడల్పున తప్ప ఎక్కడా అరగలేదు, అంచులు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. 130 కొన్నాను కానీ రోడ్డుకి తగిలింది ఎప్పుడూ ఆ మధ్య ముక్కే. మీరు అమ్మని ఎక్కించుకుని వెళ్తానన్నారు కాబట్టి నా మాట వినండి, దయచేసి వద్దు.

పుణె_నుంచి_రవి:

ఆయన చెప్పింది ఎందుకు జరిగిందో రాస్తా, నా పని కూడా బళ్లతోనే.

టైరు మీద 130 అని రాసి ఉంటే, దానికి తగిన రిమ్ మీద ఎక్కించినప్పుడు అంత వెడల్పు వస్తుందని అర్థం. రిమ్ అర అంగుళం ఇరుకైతే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు ఇరుకవుతుంది. మూడున్నర కావాల్సిన టైరుని 2.15 మీద బిగిస్తే ఎంత పోతుందో మీరే వేసుకోండి, 13 మిల్లీమీటర్ల పైనే. అంటే 130 డబ్బులు పెట్టి కొన్న టైరు మీ బండి మీద 116, 117 దగ్గర ఆగుతుంది. పోయిన వెడల్పు ఎక్కడికి వెళ్తుందంటే పైకి. రెండు అంచుల్నీ దగ్గరికి నొక్కితే మధ్యభాగం కోడిగుడ్డు మొనలా పైకి లేస్తుంది. అప్పుడు నిటారుగా పోయేటప్పుడు రోడ్డుకి తగిలే భాగం తగ్గుతుంది, వంచినప్పుడు మొన మీద నుంచి పక్కకి జారినట్టు ఒక్కసారిగా వాలుతుంది. పక్క గోడలు కూడా రిమ్ మీద నిటారుగా నిలబడవు, లోపలికి వంగి ఉంటాయి, మలుపులో బరువు పడగానే అటూ ఇటూ ఊగుతాయి. పైగా ట్యూబ్‌లెస్ అయితే రిమ్ అంచుని పట్టుకోవాల్సిన బీడ్ సరైన కోణంలో కూర్చోదు. పెద్ద గుంత తగిలినప్పుడు అక్కడి నుంచి గాలి పోయే ప్రమాదం ఉంటుంది. ట్యూబ్‌లెస్ మీద మనకున్న ధైర్యమంతా గాలి మెల్లగా దిగుతుందనే కదా.

ఎత్తు ఒకటే అన్నది కూడా అందుకే సగం నిజం. తగిన రిమ్ మీద 100/90-17 చక్రంతో కలిపి మొత్తం ఎత్తు 612 మిల్లీమీటర్లు, 130/70-17ది 614. మీ రిమ్ మీద మధ్యభాగం పైకి లేస్తుంది కాబట్టి ఆ 614 కూడా నిలబడదు.

సరైన రిమ్ మీద వేసినా వెడల్పు టైరుకి ఒక ఖరీదు ఉంది. అదే మలుపు, అదే స్పీడు, కానీ వెడల్పు టైరున్న బండిని ఇంకొంచెం ఎక్కువ వంచాలి. వంచేకొద్దీ నేలకి ఆనే చోటు టైరు మధ్య నుంచి పక్కకి జరుగుతుంది, ఆ జరిగినంత మేరా అదనంగా వాల్చాల్సిందే. బరువు కూడా పెరుగుతుంది, అదీ తిరిగే బరువు, 150 సీసీ ఇంజను మీద అది పికప్‌లోనూ మైలేజీలోనూ తెలుస్తుంది.

కంపెనీ వాళ్లు ఏం చేశారో చూడండి. 2018లో పల్సర్ 150 ట్విన్ డిస్క్‌కి వెనక 120/80 ఇచ్చారు. ఆ ఒక్కటీ మార్చి వదిలేయలేదు, ముందు టైరు 90/90 చేశారు, ముందు ఫోర్కులు లావువి పెట్టారు, వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం కూడా పెంచారు. మనం టైరొక్కటే మార్చి అదే ఫలితం రావాలంటే ఎలా?

బెజవాడ_బండి:

అందరికీ చాలా థాంక్స్. పొద్దున్నే చూశాను, నా రిమ్ మీద 2.15 అనే ఉంది. శీనన్నా, గాలి సంగతి అడిగావు కదా, నేను ఇంటి పక్క బంకులో కొట్టిస్తాను, వెనక 40 పెట్టమంటాను. గట్టిగా ఉంటే పంక్చరు కాదని ఎవరో చెప్తే మూడేళ్లుగా అదే అలవాటు. ముందు కూడా 35.

మా తమ్ముడు ఇంకో ఐడియా ఇచ్చాడు, రిమ్ ఇరుకైతే ఎఫ్‌జెడ్ వెనక చక్రమే మొత్తం తెచ్చి బిగిద్దాం, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి అని. అది కుదురుతుందా?

ఆటోనగర్_శీను:

నీ ఘాట్ సంగతి ఇప్పుడు అర్థమైంది తమ్ముడూ. నీ బండికి కంపెనీ చెప్పిన గాలి ముందు 25, వెనక ఒక్కడివే అయితే 28, ఇద్దరైతే 32. నువ్వు 40 కొట్టించి టైరుని బంతిలా చేశావ్, మధ్య భాగం ఒక్కటే రోడ్డుకి ఆని అరిగింది, గీతలు పోయిన ఆ మధ్య భాగం మీదే తడి మలుపులో వెళ్లావ్. నీళ్లు పక్కకి పోవడానికి దారి లేకపోతే ఏ టైరైనా జారుతుంది. అప్పటికి 130 ఉన్నా, 150 ఉన్నా అదే గాలితో అలాగే అరిగితే అలాగే జారేది.

చక్రం మార్పిడి నా చేత చాలామంది చేయించుకున్నారు, ఇప్పుడు నేను ఒప్పుకోవట్లేదు. ఇరుసు లావు కలవాలి, లోపల వాషర్లు, బుష్‌లు లేత్ మీద తిప్పించాలి, వెనక పళ్ల చక్రం ముందుదానితో ఒకే గీతలో రావాలి. టైరు వెడల్పుకి చైన్ తగలకుండా పళ్ల చక్రాన్ని బయటికి జరిపితే ఇంజను దగ్గరది కూడా జరగాలి, లేకపోతే చైన్ వంకరగా నడిచి పళ్లు తినేస్తుంది. చక్రాన్నే పక్కకి జరిపితే ముందు చక్రం ఒక దారి, వెనకది ఒక దారి. దారం లాగి చూస్తే 5 మిల్లీమీటర్ల తేడా కూడా తెలిసిపోతుంది, చేతులు వదిలితే బండి ఒక పక్కకి లాగుతుంది. బ్రేకు డ్రమ్ము మారుతుంది, రాడ్ పొడవు మారుతుంది. కొందరు స్వింగార్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి, కోసి వెడల్పు చేసి వెల్డింగ్ పెడతారు, ఆ బండి మీద నేనైతే మా పిల్లల్ని ఎక్కించను.

కరీంనగర్_లాయర్:

ఒక్క మాట కలుపుతాను. బండి స్పెసిఫికేషన్ మార్చడం మీద చట్టం గట్టిగానే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్పులు చేయకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో సెక్షన్ 182ఏ కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. టైరు ఒక సైజు మారిస్తేనే పోలీసులు పట్టుకుంటారని కాదు. కానీ వేరే బండి చక్రం బిగించి స్వింగార్మ్ కోస్తే, రేపు యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లకి వాదించడానికి మీరే చేతిలో కాగితం పెట్టినట్టు. వెనక కూర్చున్నవాళ్లకి దెబ్బ తగిలితే ఆ గొడవ మీ ఒక్కరితో పోదు.

పుణె_నుంచి_రవి:

బండి కొంచెమైనా నిండుగా కనబడాలంటే 110/80-17 ఒక్కటే ఆలోచించొచ్చు, అది కూడా మీరు కొనే టైరు కంపెనీ చార్టులో 2.15 రిమ్ ఒప్పుకుంటామని రాసి ఉంటేనే. దాని ఎత్తు 608, అంటే 4 మిల్లీమీటర్లు తక్కువ, పెద్ద తేడా లేదు. మీ స్పీడోమీటరు ముందు చక్రం నుంచి తీసుకుంటుంది కాబట్టి దానికి సంబంధం లేదు. నన్నడిగితే మాత్రం 100/90లోనే మెత్తటి రబ్బరు ఉన్న మంచి టైరు తీసుకోండి. తడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది రబ్బరు, గీతలు, సరైన గాలి. కొనేటప్పుడు పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. షాపులో రెండేళ్లుగా పడి ఉన్న సరుకు అంటగడితే తీసుకోవద్దు.

బెజవాడ_బండి:

నిన్న వేయించాను. 100/90 లోనే తీసుకున్నా, ట్యూబ్‌లెస్, తయారై మూడు నెలలే అయింది. మొదట వెళ్లిన షాపులో రిమ్ 2.15 అని చెప్తే అదేం కాదు అందరూ వేసుకుంటున్నారు అన్నాడు, బయటికొచ్చేశాను. వేరే చోట వేయించి, గాలి నా ముందే 28 పెట్టించాను. ముందుది కూడా 25కి దించాను. ఇన్నాళ్లూ బెంజ్ సర్కిల్ దగ్గర ప్రతి అతుకూ నడుముకి తెలిసేది, ఇప్పుడు అదే దారిలో బండి మెత్తగా పోతోంది.

మా తమ్ముడు కొంచెం అలిగాడు. వానరోడ్డు అన్న రాసింది వాడితోనే చదివించాను, ఇంకేం మాట్లాడలేదు. వాన అన్నా, మోచెయ్యి ఇప్పుడు ఎలా ఉంది?

వాన_రోడ్డు:

పూర్తిగా మానింది అన్నా. కొత్త టైరు మొదటి 150 కిలోమీటర్లు జారుడుగా ఉంటుంది, పైన నున్నటి పొర పోవాలి. అప్పటిదాకా గట్టిగా వంచకండి, తడి రోడ్డు మీద అస్సలు వద్దు. శ్రీశైలం వెళ్లే ముందు ఊళ్లోనే ఒక వారం తిప్పండి. అమ్మ ఎక్కేటప్పుడు వెనక 32 చేయించడం మర్చిపోకండి.